రెండంగుళాలు

"ఒంటిగంటకల్లా తేల్చి చెప్పండి హనోకు గారూ" అనేసి దుర్గాప్రసాద్ బండెక్కి భోజనానికి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు ఊరికే వెళ్ళలేదు, నా కారుని లిఫ్టు మీద నా గడ్డం ఎత్తుకి లేపి, ముందు చక్రాలు రెండూ ఊడదీసి గోడకి చేరేసి మరీ వెళ్ళాడు, ఇంక నేను పారిపోవడానికి కూడా లేదు. ఇప్పుడు పన్నెండూ ఐదు. గుడివాడలో పామర్రు రోడ్డు మీద ఈ రేకుల షెడ్డులో నేనూ, నా కారూ, బల్ల మీద రెండు అట్టపెట్టెలూ. ఒకదాంట్లో లోయరింగ్ స్ప్రింగులు నాలుగు, ఎర్ర రంగువి, కంపెనీ వాటికన్నా పొట్టివి. ఉన్నవి తీసి ఇవి వేస్తే బండి అంగుళంన్నర కిందికి దిగుతుంది, దిగింది దిగినట్టే ఉంటుంది, మళ్ళీ లేవదు. రెండోదాంట్లో కాయిలోవర్లు. వీటిలో స్ప్రింగూ షాకబ్జార్బరూ ఒకే ముక్కగా వస్తాయి, ఒంటినిండా మర, ఆ మర మీద ఒక రింగు. స్పానరు పెట్టి రింగుని కిందికి తిప్పితే బండి దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది, ఎంత కావాలంటే అంత. ఆ కాయిలోవర్లు నాకోసం తెప్పించినవి కావు, పామర్రు ఆయనెవరో తెప్పించుకున్నాడు, ఒంటిగంటన్నరకి వచ్చి పట్టుకుపోతాడు. నేను కావాలంటే ఆయనకి ఇంకో సెట్టు తెప్పిస్తానని దుర్గాప్రసాద్ మాట. ఇంకో సెట్టు రావడానికి రెండు వారాలు. నాకు రెండు వారాలు లేవు, ఇవాళ శుక్రవారం, నాకున్నది రేపొక్కరోజు.

ఎల్లుండి ఆదివారం మా చర్చిలో కోతపండగ. ఆ పండక్కి మా నాన్న రావాలి, రావాలంటే కారెక్కాలి, ఎక్కితే తనంతట తనే ఎక్కాలి, ఎవరి చెయ్యీ పడకూడదు. ఇదీ సంగతి, ఇందులో ఇంకేం లేదు, అయినా పొద్దుట్నుంచి కాలు కాలిన పిల్లిలా ఈ షెడ్డులో తిరుగుతూనే ఉన్నాను. మా నాన్న ఆనందరావు ముప్పై ఒక్క ఏళ్ళు అవనిగడ్డ డిపోలో బస్సు డ్రైవరు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. కుడి చెయ్యి మాత్రం ఇప్పటికీ ఇనుమే, పట్టుకున్నాడంటే విడిపించుకోలేం. మొదట్లో మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మేం ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళం. ఒకరోజు మా ఆవిడ హేమ వడ్రంగిని పిలిపించి మంచం కోళ్ళు కోయించింది, మంచం కుర్చీతో సమానమైంది, అంతే, మర్నాటి నుంచి నాన్న కుడిచెయ్యి ఆనించి తనే జరిగిపోతున్నాడు. ఎత్తు సమానంగా ఉంటే చాలు, ఆయనకి ఎవరూ అక్కర్లేదు. అది చూసే నాకు ఈ ఆలోచన పుట్టింది. హేమ కుట్టుమిషను టేపు తీసుకుని వాకిట్లో సిమెంటు చప్టా మీద కొలిచాను. దిండుతో కలిపి కుర్చీ ఇరవై అంగుళాలు. కారు సీటు ఇరవై రెండు. రెండంగుళాలు. ఆ రెండంగుళాలు ఆయన ఒంటి చేత్తో పైకెక్కలేడు. సీటు కోళ్ళు కోయించడం కుదరదు కాబట్టి కారునే దించుదాం అనుకున్నాను, చూడండి నా తెలివి, అప్పుడు మాత్రం పెద్ద ఇంజనీరునైనట్టు రాత్రంతా సంతోషపడ్డాను.

స్ప్రింగులే వేయించేస్తే పోతుందిగా. అంగుళంన్నర దిగుతుంది, ఇంక అరంగుళం మిగులుతుంది, కుర్చీలో ఇంకో పల్చటి దిండు వేస్తే సరిపోతుంది. తిప్పేదీ లేదు, మరచిపోయేదీ లేదు, తుప్పు పట్టే మర లేదు. కానీ పాత షాకబ్జార్బర్ల మీద పొట్టి స్ప్రింగులు వేస్తే ఆ షాకబ్జార్బర్లు తొందరగా పాడైపోతాయి అంటాడు దుర్గాప్రసాద్, పోతే పోయాయి, అప్పుడు చూసుకుందాం. అసలు అడ్డం అది కాదు, తూము. మా ఊళ్ళో ప్రతి ఇంటికీ రోడ్డుకీ మధ్య పంటబోదె ఉంటుంది, దివిసీమలో నీళ్ళు దాటకుండా ఎవరింట్లోకి ఎవరూ పోలేరు. బోదెలో సిమెంటు గొట్టాలు వేసి, పైన పలక పోసి, దాన్నే తూము అంటాం. మా తూము తాతల నాటిది కాదు, నేనే పోయించాను, కాలవకి నీళ్ళొదిలితే మునగకూడదని మేస్త్రీ చెప్పాడని రోడ్డు మార్జిను కన్నా ఐదంగుళాలు ఎత్తుగా పోయించాను. అటు రోడ్డూ పల్లమే, ఇటు వాకిలీ పల్లమే, మధ్యలో తూము గూనిలా లేచి ఉంటుంది. ఇప్పుడున్న ఎత్తులోనే నలుగురెక్కితే బండి కడుపు దానికి రాసుకుంటుంది, కిర్రున ఆ చప్పుడు వినపడితే నా పళ్ళు జివ్వుమంటాయి. ఇంక అంగుళంన్నర దించితే ముందు చక్రాలు అటూ వెనక చక్రాలు ఇటూ పడి, బండి తూము మీద బోర్లా పడుకుంటుంది. నాన్నని ఎక్కించుకుని, పండగ బట్టలతో, పది గజాలు కూడా పోకుండా వాకిట్లోనే. వెనకాల హేమ దిగి తోస్తూ ఉంటుంది.

అందుకే కాయిలోవర్లు. నాన్న ఎక్కేటప్పుడు రెండంగుళాలు దించు, తూము దాటేటప్పుడు లేపు, చర్చి దగ్గర మళ్ళీ దించు. చెప్పడానికి ఎంత బాగుంది. దించడమంటే జాకీ వెయ్యాలి, చక్రం విప్పాలి, రెండు స్పానర్లు పట్టుకుని నేల మీద పడుకుని రింగు తిప్పాలి, అలా నాలుగు చక్రాలకీ. దుర్గాప్రసాద్ చేతికే గంట పడుతుంది, నాకు రెండు గంటలు, తిప్పిన ప్రతిసారీ చక్రాల అలైన్‌మెంటు పోతుంది. ఆదివారం పొద్దున్న తెల్లచొక్కా వేసుకుని నేను కారు కింద దొర్లుతుంటే నాన్న కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటాడన్నమాట. పైగా ఉప్పుగాలి. నేను పనిచేసేది గిలకలదిండి హార్బరు పక్కన ఐస్ ప్లాంటులో, బందరు గాలి ఇనుముని ఏం చేస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కిందటేడు బిగించిన బోల్టు ఈ ఏడు విప్పితే ముక్కలై చేతిలోకొస్తుంది. ఐసు దిమ్మెలు లాగే గొలుసుకి నెలకోసారి గ్రీజు పూస్తాం, ఒక్క నెల మరచిపోతే అది పాములా బిగుసుకుని కదలనంటుంది. ఈ వెండిరంగు మర మీదికి ఆ గాలి రెండు వానాకాలాలు వీచిందంటే రింగు తిరగదు గాక తిరగదు, అప్పుడు కాయిలోవర్లూ ఒకటే, స్ప్రింగులూ ఒకటే. ఈ ఆలోచన చెప్పగానే హేమ అడిగింది, "దించడానికి మనిషిని పెడతారా, లేపడానికి మనిషిని పెడతారా" అని. నవ్వలేదు, మామూలుగానే అడిగింది. ఆవిడ అలా మామూలుగా అడిగినప్పుడే నాకు ఒళ్ళు మండుతుంది.

పన్నెండున్నర అయింది. ఈ స్టూలుకి ఒక కాలు పొట్టి, కూర్చుంటే ఊగుతోంది. లేచి వెళ్ళి కారు కింద నిలబడి పైకి చూశాను, ఎనిమిదేళ్ళ బండి, నా చేతికొచ్చి నాలుగేళ్ళు, నా కళ్ళకి ఇంకా కొత్తదే. నిజం చెప్పుకోవాలంటే, ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి చెప్పుకుంటున్నాను, నాకు ఈ బండిని దించాలని నాన్నకి జబ్బు చేయక ముందు నుంచీ ఉంది. ఇంటరు చదివేప్పుడు మంగినపూడి బీచి రోడ్డులో ఒక నల్లకారు చూశాను, గుడివాడ రిజిస్ట్రేషన్ అని ఎవడో అన్నాడు, టైరుకీ పైన ఆర్చికీ మధ్య వేలు కూడా దూరేట్టు లేదు, రోడ్డుని హత్తుకుని పోతోంది. సరుగుడు చెట్ల మధ్య మలుపులో అది ఒరక్కుండా అలాగే తిరిగింది. నేను సైకిలు మీద ఒక కాలు కింద పెట్టి, అది కనపడనంత దూరం వెళ్ళేదాకా చూశాను. నా బండి మలుపులో ఒరుగుతుంది, టైరుకీ ఆర్చికీ మధ్య నాలుగు వేళ్ళు దూరతాయి, రోజూ తాళం వేసేటప్పుడు ఆ సందులో చెయ్యి పెట్టి చూస్తాను, తగ్గుతుందేమోనన్నట్టు. మరి ఇది నాన్న కోసమా, నా కోసమా. హేమకి నాన్న కోసమని చెప్పాను. నాన్నకి సర్వీసింగని చెప్పాను. దుర్గాప్రసాద్‌కి ఏమీ చెప్పలేదు, లుక్కు కోసమే అనుకుని ఉంటాడు, అనుకోనీ అని ఊరుకున్నాను, ఎందుకంటే ఆ మాట అబద్ధం కాదు. పడిపోయిన నాన్న కాలుని అడ్డం పెట్టుకుని నా ముచ్చట తీర్చుకుంటున్నానా నేను. ఛీ, అంత నీచుణ్ణి కాను. కానీ ఎర్ర స్ప్రింగు చేతిలోకి తీసుకుని చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నాన్న కాదు, ఆ నల్లకారే.

కిందటేడు కోతపండగ గుర్తొస్తేనే నాకు ముద్ద దిగదు. మా చర్చిలో ఆ రోజు అందరూ తమ తమ పంటలో మొదటి భాగం తెచ్చి దేవుడి ముందు పెడతారు, బస్తా ధాన్యం, గుమ్మడికాయ, కోడిపుంజు, కొబ్బరి గెల, బాతుల జత. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట. ఆ పాట పాడించేది ఇరవై ఏళ్ళుగా మా నాన్నే. బస్సు హారను లాంటి గొంతు, మైకు అక్కర్లేదు. గుమ్మడికాయని తల మీద పెట్టుకుని "ఒకటోసారీ" అనేవాడు, నాలుగు వైపులా చూసేవాడు, "రెండోసారీ" అని సాగదీసేవాడు, ఎవడి భార్య ఎవడి మోచెయ్యి గిల్లుతోందో కనిపెట్టి వాడి దగ్గరికే వెళ్ళి నిలబడేవాడు. పాడుకున్నవాడు కాయని మళ్ళీ దేవుడికే ఇచ్చేసేవాడు, మళ్ళీ పాట, ఒకే గుమ్మడికాయ ఐదుసార్లు అమ్ముడుపోయేది. ఐదోసారికి నాన్న దాన్ని పసిపిల్లలా చంకనేసుకుని జోకొట్టేవాడు, పాస్టరుగారే ముందు నవ్వేవారు. కిందటేడు ఆయన్ని తీసుకెళ్ళాలని నేనూ మా బాబాయి కొడుకులూ కారుని వాకిట్లోకి, అరుగు దాకా తెచ్చాం, రోడ్డు మీద పోయేవాళ్ళు చూడకూడదని గేటు కూడా వేశాం. ముగ్గురం ఎత్తాం. ఎడమకాలు తలుపుకి తట్టుకుంది, చొక్కా పైకి పోయింది, పంచె జారింది. చర్చి గేటు దగ్గర మేం దిగేలోపే కుర్రాళ్ళు ఐదారుగురు పరిగెత్తుకొచ్చారు, ప్రేమతోనే వచ్చారు, బస్తాని దించినట్టు దించారు. ఆడవాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. ఆ రోజు నాన్న పాట పాడించలేదు. గుమ్మడికాయ ఒక్కసారే అమ్ముడుపోయింది. ఇంటికొచ్చాక మంచినీళ్ళు తాగి "ఇంక చాలురా" అన్నాడు, అంతే, మళ్ళీ గడప దాటలేదు. మొన్న పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, "ఆదివారం మీ గొంతు వినాలి ఆనందరావు గారూ" అంటే "చూద్దామండి" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఇంత దూరం వచ్చాను. ఏడాది తరవాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి చూద్దాం అది.

ఈ ఆదివారం కూడా ఎత్తాల్సొస్తే ఇంక ఆయన జన్మలో బయటికి రాడు, అది నాకు తెలుసు. షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాను. పామర్రు వైపు నుంచి పల్లెవెలుగు బస్సు వచ్చి ఎదర ఆగింది, ఆగీ ఆగకుండానే కదిలింది, ఒక ముసలావిడ కమ్మీ పట్టుకుని వేళ్ళాడుతూ ఎక్కింది. నాన్న అలా ఆపేవాడు కాదు. సెలవులకి నన్ను బస్సులో తిప్పేవాడు, ఇంజను మీద గోనె పరిచి కూర్చోబెట్టేవాడు, కింద నుంచి వేడి. నాకు ఆయన డ్రైవింగంటే చిరాకుగా ఉండేది, ఎందుకంటే స్టాపు వచ్చాక బస్సుని ఊరికే ఆపడు, ముందుకి తెస్తాడు, వెనక్కి పోనిస్తాడు, మళ్ళీ జానెడు ముందుకి. కండక్టరు విసుక్కునేవాడు, "ఏంటండీ ఆనందరావు గారూ, పెళ్ళిచూపులా". మోపిదేవి ఇవతల ఒక స్టాపులో చేపల బుట్టతో ఒకావిడ ఎక్కేది, మోకాళ్ళు వంగేవి కావు. నాన్న తలుపుని సరిగ్గా కంకరగుట్ట పక్కకి తెచ్చి ఆపేవాడు. ఆవిడ గుట్ట మీంచి గదిలోకి నడిచినట్టు బస్సులోకి నడిచొచ్చేది, వెళ్తూ వెళ్తూ నా మీద రొయ్యల వాసన పోసి వెళ్ళేది. నేను ముక్కు మూసుకుంటే నాన్న అద్దంలోంచి కళ్ళెర్రజేసేవాడు. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొస్తోంది, టైము ఒంటిగంటకి పది తక్కువ, తేల్చాల్సింది వదిలేసి రొయ్యల బుట్ట గురించి ఆలోచిస్తున్నాను. స్ప్రింగులు. స్ప్రింగులే వేయించేసి, తూముని గునపాలతో కొట్టించేస్తే. రేపొక్కరోజులో కొట్టించి మళ్ళీ పోయిస్తే సిమెంటు ఆరదు. కాయిలోవర్లు వేయించి, ఆదివారం మటుకు కిందికి దించి ఉంచి, తూము మీద చెక్కలు పరిస్తే. చెక్కలు జారితే. ఏదీ కాదు, అటో ఇటో ఏదో ఒకటి చెప్పేసి కళ్ళు మూసుకుంటే పోతుంది అనుకుంటూ ఉండగా ఫోను మోగింది, హేమ.

"ఏవండీ, మావయ్యగారు పొద్దుట్నుంచి మీరెక్కడని అడుగుతున్నారు. ఇంక దాచలేక చెప్పేశాను" అంది. ఏమన్నారు అని అడిగేలోపే ఫోను చేతులు మారింది, నాన్న ఊపిరి వినిపించింది, జబ్బు చేశాక ఆయన మాట మొదలుపెట్టే ముందు గాలి కూడగట్టుకుంటాడు.

"ఎంత దించుతాడంటరా?"

"స్ప్రింగులైతే అంగుళంన్నర నాన్నా. వేరేవి ఉన్నాయి, అవైతే రెండు."

"దించితే తలుపు తెరుచుకోదు."

నాకు అర్థం కాలేదు. తలుపెందుకు తెరుచుకోదు, సిమెంటు చప్టా మీద బోలెడు ఖాళీ ఉంటుందిగా అన్నాను. ఆయన మళ్ళీ గాలి కూడగట్టుకున్నాడు. "వాకిట్లోకి ఎవడు తెమ్మన్నాడు నిన్ను? బండి రోడ్డు మీదే ఉంచు. మార్జిన్లోకి దించి తూము పక్కన ఆపు. నా కుర్చీ తూము మీదుంటది. తూము ఐదంగుళాలు ఎత్తు, నువ్వేగా పోయించావు. నేను సీటు కన్నా పైనే ఉంటాను, కుడిచెయ్యి లోపలేసి జారితే పడతాను సీట్లో. బండి దించావంటే తలుపు తూముకి తగులుద్ది."

నేను లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుండిపోయాను. ఇరవై ప్లస్ ఐదు ఇరవై ఐదు, సీటు ఇరవై రెండు, చిన్నపిల్లాడు వేసే లెక్క. చప్టా మీద కొలిచాను నేను, గేటు మూసి, రోడ్డు మీద వాళ్ళు చూడకూడదని. మరి దిగడం ఎలా, చర్చి దగ్గర మళ్ళీ ఎక్కడం ఎలా అని అడిగాను. దిగడం ఎప్పుడూ పల్లానికేగా, కుర్చీ నేల మీద పెడితే చాలు అన్నాడు. "చర్చి గేటుకి తూము లేదంటరా? ఈ సీమలో తూము లేని గేటుంటే నాకు చూపించు. అది మనదానికన్నా వెడల్పు కూడా." అంటే అన్నీ చూసుకుని పెట్టుకున్నాడు. మంచం మీద పడుకుని ఊళ్ళో ఉన్న తూములన్నీ ఒక్కొక్కటీ కొలుచుకుంటున్నాడు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "ముందే చెప్పొచ్చుగా నాన్నా, ఏడాది నుంచీ" అన్నాను.

"ఎవరడిగారురా నన్ను? అందరూ ఎత్తడానికే వచ్చారు" అన్నాడు. కోపంగా అనలేదు. "ముప్పై ఏళ్ళు ముసలోళ్ళని ఎక్కించాను, ఒక్కళ్ళనీ చెయ్యేసి ఎత్తలేదు. బండి ఆపాల్సిన చోట ఆపాను. నీకు ఆపడం వస్తుందో రాదో చూసుకుని రా" అని ఫోను హేమకి ఇచ్చేశాడు. హేమ ఏదో అంటోంది, నాకు వినపడటం లేదు. రోడ్డు మీద వాళ్ళు చూస్తారని సిగ్గుపడింది ఆయన కాదు, నేను. ఆయన పరువు కాపాడుతున్నాననుకుని గేటు వేసింది నేనే.

దుర్గాప్రసాద్ పళ్ళు కుట్టుకుంటూ వచ్చి ఏం తేల్చారండీ అన్నాడు. చక్రాలు బిగించెయ్యండి, ఏదీ వద్దు అన్నాను. నా మొహం చూసి ఇంట్లో ఏమన్నా గొడవా అన్నాడు, లేదండీ అన్నాను. బేరం పోనివ్వకుండా "కనీసం స్ప్రింగులన్నా వేయించుకోండి, మీ బండికి భలే ఉంటాయి" అన్నాడు. భలే ఉంటాయి, నాకూ తెలుసు. ఎర్రపెట్టె వైపు ఇంకోసారి చూశాను, చూడలేదని అబద్ధమెందుకు చెప్పాలి, ఆ కోరిక ఎక్కడికీ పోలేదు, పోదు కూడా. చక్రాలు బిగించి బండి దించాక అలవాటు చొప్పున టైరుకీ ఆర్చికీ మధ్య చెయ్యి పెట్టాను, నాలుగు వేళ్ళు. ఉండనీ అనుకున్నాను.

పామర్రు దాటి చల్లపల్లి రోడ్డులో పడ్డాక నా కళ్ళకి రోడ్డు కనపడలేదు, తూములే కనపడ్డాయి. ఎత్తువి, పొట్టివి, విరిగినవి, టైల్స్ అతికించినవి. పుట్టిన దగ్గర్నుంచి ఈ రోడ్డున తిరుగుతున్నాను, ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. అటూ ఇటూ మినుము చేలు, మధ్యలో ఒక పెంకుటింటి ముందు మా తూము ఎత్తుదే ఒకటి కనిపించింది. వేగం తగ్గించి మార్జిన్లోకి దించాను. బండి ఎడమకి ఒరిగింది, బోదెలోకి పోతుందేమోనని భయపడి మూరెడు దూరంలోనే ఆపేశాను. పక్క సీటు మీదుగా ఒంగి తలుపు తెరిచి చూస్తే తూముకీ సీటుకీ మధ్య మనిషి పట్టేంత సందు. వెనక్కి తీసి మళ్ళీ వచ్చాను. ఈసారి దగ్గరికే వచ్చాను గానీ ముందుకి పోయాను, తలుపు తూము దాటిపోయింది. ఇంటి అరుగు మీద మినుములు చెరుగుతున్న పెద్దావిడ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. "ఎవరు కావాలి బాబూ?"

"ఎవరూ కాదండీ. మా నాన్నగారిని తూము మీంచి కారెక్కించాలి. ఆపడం రావట్లేదు, నేర్చుకుంటున్నాను" అన్నాను. చెప్పాక ఎంత పిచ్చిగా ఉందో అనిపించింది. ఆవిడకి ఏమీ పిచ్చిగా అనిపించలేదు. కాళ్ళు పడిపోయినాయా అని అడిగింది, ఒక పక్క అన్నాను. ఆవిడ తూము మీదికొచ్చి అంచున నిలబడి కండక్టరు లాగా చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. "ఎనక్కి పో. ఇంకా. ఇప్పుడు రా. రా. తూముకేసి రా, భయపడమాక, నేను చూత్తన్నాగా. రా. చాలు." ఆపాను. తలుపు తెరిచాను. తలుపు తూము మీద బెత్తెడు ఎత్తులో, ఎక్కడా తగలకుండా, పూర్తిగా తెరుచుకుంది. సీటు తూము పక్కనే, అరుగు పక్కన మంచం వేసినట్టు ఉంది. పెద్దావిడ నన్ను అడగలేదు కూడా, వెనక్కి తిరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నా పక్క సీట్లో కూర్చుంది. తరవాత కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి తీసుకుంది. "నాక్కూడా కట్టం లేదే" అంది, తన మోకాళ్ళు తడుముకుంటూ.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు, స్టీరింగు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ ఎదర రోడ్డు చూస్తూ కూర్చుంది, నాతో పాటు ఎక్కడికో ప్రయాణమైనట్టు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఇంటికి ఫోను చేశాను. మోగీ మోగగానే నాన్నే ఎత్తాడు, ఫోను ఒళ్ళోనే పెట్టుకుని ఉన్నాడన్నమాట.

"కుదిరింది నాన్నా" అన్నాను.

"ఎన్నోసారికి?"

"మూడోసారికి."

గాలి కూడగట్టుకుంటున్న చప్పుడు వినిపించింది, ఇంకా, ఇంకా, ఇంతసేపు ఎప్పుడూ పట్టలేదు, ఏమైందోనని నేను భయపడబోతున్నాను. అప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దావిడకి కూడా వినపడేంత గొంతుతో, గుమ్మడికాయని తల మీద పెట్టుకున్నవాడిలా, "మూడోసారీ" అన్నాడు నాన్న.